శిఖరం నుంచి కిందికి సర్దండి: ఎత్తైన పర్వతారోహణకు సొంత సామాను ప్యాకింగ్

1950 జూన్ 3న ఫ్రెంచ్ పర్వతారోహకుడు మోరిస్ హెర్జోగ్, లూయీ లాషెనాల్‌తో కలిసి అన్నపూర్ణ (8,091 మీటర్లు) ఎక్కాడు. ఎనిమిది వేల మీటర్లు మించిన శిఖరాల్లో మనిషి ఎక్కిన మొదటిది అదే. దిగుతూ దారిలో సంచి తెరవడానికి గ్లవ్స్ తీసి పక్కన పెట్టాడు. చూస్తుండగానే అవి మంచువాలు మీద జారి కిందికి వెళ్లిపోయాయి. ఒట్టి చేతులతోనే క్యాంపుకు చేరాడు. చివరికి కాలివేళ్లన్నీ, చేతివేళ్లలో చాలావరకు పోగొట్టుకున్నాడు. ఆయన సంచిలో అదనపు సాక్స్ జత ఒకటి ఉంది. చేతులకు తొడుక్కోవచ్చు. ఆ ఆలోచనే తనకు రాలేదని తర్వాత ఆయనే రాశాడు.

పర్వతారోహణకు సామాను సర్దేటప్పుడు నేను ఎప్పుడూ మనసులో పెట్టుకునేది ఈ సంఘటననే. వస్తువు సంచిలో ఉన్నంత మాత్రాన సరిపోదు. 5,500 మీటర్ల ఎత్తులో మనకు అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే సుమారు సగమే. ఎవరెస్ట్ శిఖరం మీద మూడో వంతు. ఆ స్థితిలో మెదడు మందగిస్తుంది, వేళ్లు మొద్దుబారతాయి, చిన్న పని కూడా వాయిదా వేయాలనిపిస్తుంది. అందుకే పైన చేయాల్సిన ఆలోచన అంతా ఇంట్లోనే, బుర్ర బాగా పనిచేస్తున్నప్పుడే చేసి సంచిలో సర్దేయాలి.

ఇది ఆరు వేల మీటర్లకు పైబడిన శిఖరాలకు, బేస్ క్యాంపు వేసుకుని ఎక్కే యాత్రలకు రాసింది. టెంట్లు, స్టవ్‌లు, ప్రధాన తాళ్లు జట్టు ఉమ్మడి సామాను కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు.

1. ముందు శిఖరం రాత్రిని కాగితం మీద రాసుకోండి

చాలామంది బేస్ క్యాంపు సామానుతో మొదలుపెట్టి పైకి వెళ్తారు. మీరు తలకిందులుగా చేయండి. యాత్ర మొత్తంలో అతి కష్టమైన గంటలేవో అవి ముందు. అంటే సమ్మిట్ రాత్రి. అర్ధరాత్రికి కాస్త అటూఇటుగా పై క్యాంపు నుంచి బయల్దేరతారు. చీకటి, గాలి, తెల్లవారుజామున అతి తక్కువ ఉష్ణోగ్రత.

లెక్క సులువే. ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. 5,000 మీటర్ల దగ్గర రాత్రి మైనస్ 10 ఉంటే 8,000 దగ్గర మైనస్ 30 అనుకోవాలి. దీనికి గాలి తోడైతే మరీ ఘోరం. మైనస్ 20లో గంటకు 50 కిలోమీటర్ల గాలి వీస్తే బయటికి తెరిచి ఉన్న చర్మానికి అది మైనస్ 35లా తగులుతుంది. మీరు వెళ్లే శిఖరానికి, వెళ్లే నెలకు ఈ లెక్క వేసి కాగితం పైన పెద్ద అక్షరాలతో రాయండి. కొనే ప్రతి వస్తువునూ ఆ అంకె పక్కన పెట్టి చూడండి.

తర్వాత ఆ కాగితం మీదే తల నుంచి కాళ్ల దాకా ఒక్కో భాగం రాసి, దాన్ని ఏది కప్పుతుంది, అది పోతే దాని బదులు ఏది, ఆ బదులు వస్తువు ఎక్కడ ఉంటుంది అని మూడు గళ్లు నింపండి. మూడో గడి ముఖ్యం. మిట్టెన్స్ అంటే నాలుగు వేళ్లూ ఒకే అరలో ఉండే మందపాటి చేతి తొడుగులు. చేతుల దగ్గర 'అదనపు మిట్టెన్స్, సంచిలో' అని రాస్తే పని కానట్టే. 'సంచి పై మూతలో, ఒంటరిగా' అని రాయగలిగితే అయినట్టు.

జేబుల పటం కూడా ఇప్పుడే గీసుకోండి. నేను పాటించే పద్ధతి ఇది. లోపలి ఛాతీ జేబులో ఫోను, చిన్న రెండో హెడ్‌ల్యాంప్, పొడిగా ఉన్న పల్చటి గ్లవ్స్ జత. డౌన్ (పక్షుల మెత్తటి ఈకలు నింపిన) జాకెట్ లోపలి పెద్ద జేబులో గోరువెచ్చటి నీళ్ల సీసా. కుడి బయటి జేబులో తిండి, అదీ రేపర్లు ముందే చింపి ఉంచినది. ఎడమ బయటి జేబులో గాగుల్స్. సంచి పై మూతలో అదనపు మిట్టెన్స్ తప్ప ఇంకేమీ ఉండదు. సంచి ప్రధాన అర తెరవకుండానే ఆ రాత్రి గడిచిపోవాలి. ఒకసారి గీసుకున్నాక ఈ పటాన్ని మార్చకండి. చీకట్లో చెయ్యి దానంతట అదే వెళ్లేంతగా అలవాటు కావాలి.

2. చేతులు

చేతులకు మూడు పొరలు. లోపల ఎప్పుడూ తీయని పల్చటి లైనర్ గ్లవ్స్. వాటి మీద తాళ్లతో, క్లిప్పులతో పని చేయడానికి మధ్యరకం మందం ఉన్న వర్క్ గ్లవ్స్. అన్నిటికీ పైన డౌన్ లేదా సింథటిక్ మిట్టెన్స్. మిట్టెన్‌లో నాలుగు వేళ్లు కలిసి ఉంటాయి కాబట్టి ఒకదాని వేడి ఒకదానికి అందుతుంది. ఎంత మందపాటి గ్లవ్ అయినా ఆ పని చేయలేదు.

మిట్టెన్స్ రెండు జతలు ఉండాలి. బరువు ఎక్కువవుతోందని రెండో జత వదిలేస్తామనేవాళ్లతో నేను ఎప్పుడూ ఒప్పుకోను. ఇంకేదైనా తీసేయండి, ఇది వద్దు. లైనర్లు మూడు జతలు పెట్టుకోండి, చెమటకు తడుస్తాయి.

ఇప్పుడు ఒక తాడు ముక్క తీసుకోండి. ప్రతి మిట్టెన్‌కూ సాగే సన్నని తాడుతో మణికట్టు ఉచ్చు కట్టండి. చాలా మిట్టెన్స్‌కు కంపెనీయే ఇస్తుంది, దాన్ని కత్తిరించి పారేయకండి. ఉచ్చు లైనర్ పైనుంచి మణికట్టుకు వేసుకుని, దాని మీద జాకెట్ చేతిని దించాలి. మిట్టెన్ తీసి వదిలేసినా చేతికి వేలాడుతూనే ఉంటుంది. వేలాడేటప్పుడు దాని నోరు కిందికి ఉండేలా చూసుకోండి. నోరు పైకి ఉంటే గాలికి ఎగిరే మంచుపొడి లోపల పడుతుంది. చెయ్యి పెట్టగానే అది కరిగి తడవుతుంది.

జిప్పుల సంగతీ చేతులదే. జాకెట్, సంచి, గాగుల్స్ డబ్బా, నీళ్ల సీసా కవరు, ఏ జిప్పు చూసినా మిట్టెన్‌తో పట్టుకోలేనంత చిన్నగా ఉంటుంది. మూడు మిల్లీమీటర్ల తాడు ముక్కలు కోసి ప్రతి జిప్పుకూ వేలెడు ఉచ్చు వేయండి. ఒక సాయంత్రం పడుతుంది. యాత్రలో రోజూ ఉపయోగపడుతుంది.

3. కాళ్లు

బూట్లు ఎత్తును బట్టి. ఆరు, ఏడు వేల మీటర్ల శిఖరాలకు లోపలి బూటు విడిగా వచ్చే డబుల్ బూట్లు కావాలి. ఎనిమిది వేల మీటర్లకు మోకాలి దాకా గెయిటర్ (మంచు లోపలికి రాకుండా కప్పే తొడుగు) కలిసి వచ్చే ప్రత్యేకమైన బూట్లు ఉంటాయి. లోపలి బూటు విడిగా రావడం చాలా అవసరం, రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని ఆరబెట్టుకోవచ్చు.

బూట్లు సాయంత్రం పూట, పైకి వేసుకోబోయే సాక్స్‌తోనే వేసి చూడండి. ఎత్తులో పాదాలు వాస్తాయి. వేళ్లు ముందు ఆనకూడదు, లోపల స్వేచ్ఛగా ఆడాలి. రెండు జతల మందపాటి సాక్స్ వేసుకుంటే వెచ్చగా ఉంటుందని అనుకుంటారు గానీ, బూటు బిగుతైతే రక్తప్రసరణ తగ్గి కాళ్లు ఇంకా చల్లబడతాయి. ఒక పల్చటి లైనర్, ఒక మందపాటి ఉన్ని సాక్స్ చాలు. సమ్మిట్ సాక్స్ ఒక జత విడిగా చిన్న వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టి, ఆ రాత్రి వరకు ముట్టుకోకండి.

క్రాంపాన్స్‌ను (మంచులో జారకుండా బూటు కింద బిగించే ఇనుప పళ్ల చట్రాలు) బూట్లతో కలిపే కొనాలి, లేదా కనీసం కలిపే పరీక్షించాలి. ముందూ వెనకా అంచు గాడి ఉన్న బూటుకే ఆటోమేటిక్ బైండింగ్ (బిగింపు) పడుతుంది. వెనక గాడి ఒక్కటే ఉంటే సెమీ ఆటోమేటిక్. బిగించాక పట్టీ కట్టకుండానే బూటు ఎత్తి గట్టిగా ఊపండి. క్రాంపాన్ కదలకుండా అతుక్కుని ఉంటే కొలత సరిపోయింది. కింద మంచు ముద్దకట్టకుండా అడ్డుకునే ప్లాస్టిక్ పలకలు ఉన్నాయా చూడండి. మెత్తటి మంచులో అవి లేకపోతే క్రాంపాన్ కింద మంచు గడ్డకట్టి పళ్లు నేలను అందుకోవు. కొలత సరిచేసే స్క్రూ ఉన్న రకమైతే అదనపు స్క్రూ ఒకటి రిపేర్ సంచిలోకి.

బేస్ క్యాంపు దాకా నడవడానికి మామూలు ట్రెకింగ్ బూట్లు, క్యాంపులో తిరగడానికి డౌన్ బూటీలు. బయల్దేరడానికి రెండు మూడు రోజుల ముందు గోళ్లు కత్తిరించుకోండి. దిగేటప్పుడు పొడుగు గోళ్లు బూటుకు కొట్టుకుని నల్లబడి ఊడిపోతాయి.

4. కళ్లు, ముఖం

అన్నపూర్ణ నుంచి తిరిగి వచ్చే గందరగోళంలోనే హెర్జోగ్ సహచరులు లియొనెల్ టెరే, గాస్టన్ రెబుఫాలకు మంచు అంధత్వం వచ్చింది. దారి కనిపించడం లేదని గాగుల్స్ తీసేశారు. మబ్బు పట్టి ఉన్నా అతినీలలోహిత కిరణాలు పూర్తిగా ఆగవు, ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు 10 శాతం పెరుగుతాయి. కొత్తగా పడిన మంచు వాటిలో 80 శాతం దాకా మళ్లీ కళ్లలోకే కొడుతుంది.

కేటగిరీ 4 చలువ కళ్లద్దాలు తీసుకోండి. ఇవి వెలుతురులో 3 నుంచి 8 శాతం మాత్రమే లోపలికి వదులుతాయి. పక్కల మూత, మెడకు తాడు తప్పనిసరి. వాటితో పాటు గాగుల్స్ రెండు, ఒకటి నల్లటి అద్దంతో పగలుకు, ఒకటి పారదర్శకంగా లేదా లేత పసుపుగా రాత్రి గాలికి. రాత్రి గాగుల్స్ గురించి పట్టించుకునేవాళ్లు తక్కువ. సమ్మిట్ రాత్రి ఎదురుగాలి వస్తే అవి లేకుండా కళ్లు తెరవలేరు.

పవర్ అద్దాలు వాడేవాళ్లు గాగుల్స్‌లో పట్టే పవర్ ఇన్సర్ట్ చేయించుకోవాలి. కాంటాక్ట్ లెన్సుల ద్రావణం గడ్డకడుతుంది కాబట్టి దాన్ని జేబులో, పడుకున్నప్పుడు ఒంటి దగ్గర పెట్టుకోవాలి. కంటి ఆపరేషన్ ఏదైనా చేయించుకుని ఉంటే బయల్దేరే ముందు కంటి డాక్టర్‌ను తప్పకుండా అడగండి. 1996లో ఎవరెస్ట్ మీద అమెరికన్ పర్వతారోహకుడు బెక్ వెదర్స్‌కు చూపు మసకబారడానికి, ఆయన అంతకుముందు చేయించుకున్న రేడియల్ కెరటాటమీ (చూపు సరిచేయడానికి కార్నియా మీద కోతలు పెట్టే) ఆపరేషనే కారణం.

ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ ఉన్న లిప్ బామ్ రెండేసి. మంచు నుంచి వెలుతురు కింది నుంచి వస్తుంది, అందుకే ముక్కు రంధ్రాల కింద, గడ్డం కింద కూడా రాయాలి. బలాక్లావా (కళ్లు తప్ప తల, ముఖం, మెడ కప్పే తొడుగు), రెండు బఫ్‌లు (మెడకు, ముఖానికి వేసుకునే గొట్టం లాంటి బట్ట), ఉన్ని టోపీ. ఇవన్నీ హెల్మెట్ కింద పడతాయో లేదో ఇంట్లోనే చూసుకోండి.

5. ఒంటి మీద బట్టలు

ఇక్కడ కొత్తగా చెప్పాల్సింది తక్కువ. కాటన్ ఒక్కటి కూడా వద్దు, లోదుస్తులతో సహా. తడిస్తే ఆరదు, వేడిని లాగేస్తుంది. మెరీనో ఉన్ని లేదా సింథటిక్ బేస్ లేయర్లు రెండు జతలు, ఫ్లీస్ ఒకటి, గాలిని ఆపే సాఫ్ట్‌షెల్, వాన మంచు ఆపే హార్డ్‌షెల్ జాకెట్, ప్యాంటు, వాటన్నిటి మీద పట్టేంత వదులుగా ఉన్న పెద్ద డౌన్ జాకెట్. ఎనిమిది వేల మీటర్లకైతే డౌన్ సూట్. హార్డ్‌షెల్ ప్యాంటుకు పక్క జిప్పు పై నుంచి కింది దాకా ఉండాలి, అప్పుడే క్రాంపాన్స్ విప్పకుండా వేసుకోగలరు. డౌన్ సూట్ కొనేటప్పుడు మాత్రం ఒక్కటి గట్టిగా చూడండి. హార్నెస్ (తాడుకు తగిలించుకోవడానికి నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీలు) కట్టుకుని ఉన్నప్పుడు కూడా మలవిసర్జనకు వెనక జిప్పు తెరుచుకోవాలి.

6. పడక

స్లీపింగ్ బ్యాగు మీద మూడు అంకెలు ఉంటాయి. కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. ఐఎస్‌ఓ 23537 ప్రమాణం ప్రకారం కొలిచినవే అయి ఉండాలి. ఎక్స్‌ట్రీమ్ అంకె ప్రాణాపాయం అంచున ఉన్న స్థితికి. దాన్ని చూసి కొనకండి. మీరు లెక్క వేసిన క్యాంపు ఉష్ణోగ్రతకు కంఫర్ట్ అంకె దగ్గరగా ఉండాలి. పై క్యాంపులో అలసట, ఆకలి మందగించడం, ఆక్సిజన్ లేమి అన్నీ కలిసి చలి ఎక్కువ అనిపిస్తుంది.

కింద పరుపు విషయంలో ఆర్-వాల్యూ (నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) చూడండి. రెండు పరుపులు ఒకదాని మీద ఒకటి వేస్తే వాటి విలువలు కలుస్తాయి. ఫోమ్ పరుపు 2, గాలి పరుపు 4.5 అనుకుంటే మొత్తం 6.5, ఎత్తైన క్యాంపుకు అది బాగుంటుంది. గాలి పరుపుకు రంధ్రం పడినా ఫోమ్ మీద రాత్రి గడుస్తుంది. రెండూ తీసుకెళ్లాలని నేను పట్టుబట్టేది అందుకే.

స్లీపింగ్ బ్యాగులోకి ఏమేం వెళ్తాయో ఒక జాబితా వేసుకోండి. లోపలి బూట్లు, మర్నాటి సాక్స్, గ్లవ్స్, బ్యాటరీలు, ఫోను, సన్‌స్క్రీన్, వెట్ వైప్స్, నీళ్ల సీసా. ఇవన్నీ పట్టాలంటే బ్యాగు మీ పొడవు కంటే కాస్త ఎక్కువ ఉన్నది తీసుకోవడం మంచిది. వేడి నీళ్లు నింపిన సీసాను రాత్రి కాళ్ల దగ్గర పెట్టుకుంటే కాళ్లు వెచ్చబడతాయి, పొద్దున తాగడానికి గడ్డకట్టని నీళ్లూ ఉంటాయి.

ఇక నీళ్ల సీసాల మాట. వెడల్పు మూతి ఉన్న లీటరు ప్లాస్టిక్ సీసాలు రెండు, వాటికి వేడి నిలిపే కవర్లు, ఒక లీటరు ఫ్లాస్కు. గొట్టంతో తాగే బ్లాడర్లు కింది దారికే పనికొస్తాయి, పైన గొట్టం గడ్డకడుతుంది. సీసాను తలకిందులుగా పెట్టుకోండి. నీళ్లు పై నుంచి గడ్డకడతాయి కాబట్టి మూత దగ్గర ద్రవంగానే మిగులుతుంది. మూత్రానికి మూడో సీసా. ఆకారంలోనే వేరుగా ఉండాలి, చీకట్లో చేత్తో తడిమితే తేడా తెలియాలి. రంగు మార్చితే చాలదు. ఆడవాళ్లు ఫనెల్‌ను (నిలబడి మూత్రం పోయడానికి వాడే గరాటు) ఇంట్లో, హార్నెస్ కట్టుకుని, ముందే అలవాటు చేసుకోవాలి.

7. తాళ్లు, ఇనుము

హార్నెస్ తొడల పట్టీలు పూర్తిగా విప్పుకునే రకం కావాలి, క్రాంపాన్స్ వేసుకున్న కాళ్లను ఉచ్చులో దూర్చే పని ఉండకూడదు. ఐస్ యాక్స్ (మంచుగొడ్డలి), జుమార్ (తాడు మీద పైకి మాత్రమే జరిగే పట్టు), తాడు మీద దిగడానికి ఫిగర్ ఎయిట్ లేదా బిలే డివైస్, లాక్ అయ్యే కారబైనర్లు (తాడుకు తగిలించే లోహపు కొక్కేలు) ఐదారు, లాక్ లేనివి రెండు మూడు, 6 మిల్లీమీటర్ల ప్రూసిక్ తాడు (ప్రధాన తాడు మీద పట్టు ముడి వేయడానికి) రెండు ముక్కలు, ఫిక్స్‌డ్ రోప్‌కు (దారిలో ముందే కట్టి ఉంచిన తాడు) తగిలించుకునే లాన్యార్డ్ (హార్నెస్‌కు కట్టే పొట్టి తాడు), హెల్మెట్. మంచుచరియలు విరిగిపడే ప్రమాదం ఉన్న దారిలో ట్రాన్సీవర్ (మంచులో కూరుకుపోయినవాళ్లను వెతికే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే కడ్డీ), పార కూడా సొంత సామానే.

జుమార్ ఎడమ చేతిదా కుడి చేతిదా చూసుకోండి. దాని లాన్యార్డ్ పొడవు మీ చెయ్యి చాచితే అందేంత ఉండాలి. పొడవు ఎక్కువైతే పడినప్పుడు జుమార్ చేతికి అందకుండా పైన ఉండిపోతుంది. కారబైనర్లు పెద్దవి తీసుకోండి. చిన్న, తేలికపాటివి దుకాణంలో ముద్దుగా ఉంటాయి గానీ మిట్టెన్‌తో తెరవడం అసాధ్యం.

ఇక్కడే డ్రెస్ రిహార్సల్ చేయాలి. మొత్తం వేసుకోండి. బేస్ లేయర్ నుంచి డౌన్ దాకా, బూట్లు, హార్నెస్, హెల్మెట్, గాగుల్స్, సంచి వీపున. ఎనిమిది వేల మీటర్లకు వెళ్తుంటే ఆక్సిజన్ మాస్క్ కూడా. మాస్క్ పై అంచుకు, గాగుల్స్ కింది అంచుకు మధ్య సందు ఉంటే అక్కడ చర్మం కాలిపోతుంది. రెండూ ఒకదాన్నొకటి నొక్కుతుంటే ఊపిరి ఆవిరి గాగుల్స్‌లోకి వెళ్లి మంచులా పేరుకుంటుంది. గదిలో లైట్లు ఆర్పేసి, హెడ్‌ల్యాంప్ వెలుగులో, మిట్టెన్స్‌తో నాలుగు పనులు చేయండి. క్రాంపాన్స్ వేసుకోండి. ఎక్కడైనా కట్టిన తాడు మీద జుమార్ తగిలించి తీయండి. ఒక ముడి దాటే అభ్యాసం చేయండి, అంటే ముందు లాన్యార్డ్ కారబైనర్ ముడికి అవతల తగిలించి, ఆ తర్వాతే జుమార్ తీసి అవతలికి మార్చాలి. చివరగా జేబులోంచి ఒక ముక్క తీసి తినండి. చెమటలు పడతాయి, విసుగొస్తుంది. ఏ క్లిప్పు మొరాయిస్తుందో, ఏ జేబు హార్నెస్ కింద పడి తెరుచుకోదో అన్నీ అప్పుడే బయటపడతాయి. సరిచేసుకుని మళ్లీ చేయండి.

8. కరెంటు, మందులు, చిల్లర సామాను

హెడ్‌ల్యాంప్‌కు అదనపు బ్యాటరీలు పెట్టుకోమంటారు. నేను అదనపు హెడ్‌ల్యాంపే పెట్టుకోమంటాను. గాలిలో, చీకట్లో, గ్లవ్స్ తీసి బ్యాటరీలు మార్చడం కంటే రెండోది తలకు తగిలించుకోవడం ఎంతో సులువు. బ్యాటరీలు లిథియం రకమే, ఆల్కలైన్ బ్యాటరీలు చలికి త్వరగా నీరసిస్తాయి. ఫోను, పవర్ బ్యాంకు ఒంటికి ఆనుకుని ఉండాలి. శాటిలైట్ ఫోను, శాటిలైట్ మెసెంజర్ తీసుకెళ్లే ముందు ఆ దేశపు నిబంధనలు చూడండి. భారతదేశంలో ముందస్తు అనుమతి లేకుండా వాటిని దగ్గర ఉంచుకోవడమే నేరం.

మందుల విషయంలో డాక్టర్‌తో మాట్లాడి, ఏది ఎప్పుడు ఎంత అన్నది కాగితం మీద రాయించుకోండి. ఎత్తు అలవాటు కావడానికి వాడే ఎసిటజోలమైడ్, మెదడు వాపుకు డెక్సామెథజోన్, ఊపిరితిత్తుల్లో నీరు చేరితే నిఫెడిపిన్. ఈ మూడింటి మోతాదులు లావుపాటి అక్షరాలతో రాసి మందుల డబ్బా మూతకు అతికించండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పాలి. రోజూ వేసుకునే మందులుంటే రెండు భాగాలు చేసి రెండు వేర్వేరు సంచుల్లో ఉంచండి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, ఒంటి మీదే ఉండాలి.

రిపేర్ సంచి అరచేతిలో పట్టేంత చాలు. సూది, గట్టి దారం, కేబుల్ టైలు, పరుపు ప్యాచ్‌లు, చిన్న మల్టీటూల్. డక్ట్ టేప్‌ను ట్రెకింగ్ పోల్‌కు చుట్టేయండి. చెకుముకి చక్రం తిప్పి వెలిగించే మామూలు లైటర్ ఒకటి సంపాదించుకోండి, నొక్కితే వెలిగే రకాలు ఎత్తులో తరచూ మొరాయిస్తాయి. తిండి మీ ఇష్టం, ఒక్క పరీక్ష పెట్టండి. ఫ్రీజర్‌లో రాత్రంతా ఉంచి పొద్దున కొరికి చూడండి. పన్ను దిగనిది ఇంట్లోనే ఉండనివ్వండి.

9. తూకం, సంచుల విభజన, విమానం

ఇప్పుడు అన్నీ నేల మీద పరిచి, వేలాడే డిజిటల్ తక్కెడతో ఒక్కొక్కటీ తూచి జాబితాలో రాయండి. ఎక్కడి దాకా ఎవరు మోస్తారన్న దాన్ని బట్టి పరిమితి మారుతుంది. ఎవరెస్ట్ దారికి మొదలైన నేపాల్‌లోని లుక్లాకు వెళ్లే చిన్న విమానాల్లో సాధారణంగా చేతి సంచితో కలిపి ఒక్కొక్కరికి 15 కిలోలే, మిగతాది విడిగా పంపాలి. ఆఫ్రికాలోని కిలిమంజారో మీద ఒక పోర్టర్ మోసే బరువుకు 20 కిలోల పరిమితి ఉంది. అలాస్కాలోని డెనాలీ మీద పోర్టర్లే ఉండరు, సగం సంచిలో మోస్తూ, సగం స్లెడ్ (మంచు మీద జారే బండి) మీద మీరే లాగాలి.

బరువు తగ్గించాల్సి వస్తే నా క్రమం ఇది. మొదట బేస్ క్యాంపులో మార్చుకునే బట్టలు, తర్వాత సబ్బులు నూనెలు, ఆ తర్వాత కెమెరా లెన్సులు, పుస్తకాలు. చేతులకు, కాళ్లకు, కళ్లకు, నిద్రకు సంబంధించిన అదనపు వస్తువు ఒక్కటి కూడా తీయను.

డఫెల్ బ్యాగులు రెండు తీసుకోండి, ఒక్కొక్కటి 90 నుంచి 120 లీటర్లు. మొదటిది నడక దారిలో రోజూ సాయంత్రం తెరిచేది. రెండోది బేస్ క్యాంపులోనే తెరవాల్సిన ఎక్కే సామాను. రెండింటిలోనూ లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి వేసి అందులో సర్దండి, జడివానలో పశువుల వీపు మీద ప్రయాణించవచ్చు. క్రాంపాన్స్‌కు, ఐస్ యాక్స్‌కు మొనల తొడుగులు వేసి డఫెల్ మధ్యలో ఉంచండి. అవి డౌన్ సూట్‌కు తగిలితే ఒక్క చిరుగు చాలు. ప్రతి వస్తువు మీద, ఒక్కో మిట్టెన్ మీద కూడా, చెరగని ఇంకుతో పేరు రాయండి. జట్టులో అందరి గ్లవ్స్ ఒకే నలుపు రంగులో ఉంటాయి.

విమానంలో ఐస్ యాక్స్, క్రాంపాన్స్ చెక్-ఇన్‌లోనే వెళ్లాలి. పవర్ బ్యాంకు, విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, ఎయిర్‌లైన్ అనుమతి అక్కర్లేని పరిమితి 100 వాట్ అవర్లు, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్. గ్యాస్ డబ్బాలు ఎందులోనూ కుదరవు. చెక్-ఇన్ బ్యాగు తప్పిపోయినా యాత్ర ఆగకూడదు కాబట్టి, మీ కాలికి అలవాటైన పర్వతారోహణ బూట్లు, మందులు, పవర్ అద్దాలు, పర్మిట్ కాగితాలు మీతోనే ఉంచుకోండి. బరువు సరిపోకపోతే ఆ బూట్లు వేసుకునే విమానం ఎక్కండి. మిగతావి ఎక్కడైనా అద్దెకు దొరకవచ్చు, మీ పాదానికి సరిపోయే బూటు దొరకదు.

10. పైకి చేర్చడం, కిందికి తేవడం

బేస్ క్యాంపుకు చేరాక మళ్లీ సర్దాలి. ఎత్తు అలవాటు కావడానికి పై క్యాంపులకు వెళ్లి దిగుతూ ఉంటారు, వెళ్లిన ప్రతిసారీ కొంత సామాను అక్కడ వదిలి వస్తారు. ఏది ఎక్కడుందో వారం తర్వాత గుర్తుండదు. చిన్న నోట్‌బుక్‌లో బేస్ క్యాంపు, మొదటి క్యాంపు, రెండో క్యాంపు అని గళ్లు గీసి, వదిలిన రోజే పెన్సిల్‌తో రాయండి. చలికి పెన్ను ఇంకు గడ్డకడుతుంది. సమ్మిట్ మిట్టెన్స్, లోపలి బూట్లు, సమ్మిట్ సాక్స్ మాత్రం పైన వదలకండి. గాలికి టెంటు చిరిగిపోయినా, మంచులో కూరుకుపోయినా యాత్ర అక్కడితో ఆగిపోతుంది.

వీపు సంచి 55 నుంచి 65 లీటర్లు సరిపోతుంది. స్లీపింగ్ బ్యాగు అడుగున, బరువైనవి వీపుకు ఆనుకుని భుజాల మధ్య ఎత్తులో, తేలికైనవి బయటివైపు. బరువు బయటికి జరిగితే నిటారు వాలులో సంచి మిమ్మల్ని వెనక్కి లాగుతుంది. ఆక్సిజన్ వాడేవాళ్లు సిలిండర్‌ను ముందే సంచిలో పెట్టి చూడాలి. ఒక్కోటి మూడు నాలుగు కిలోలు ఉంటుంది, నిలువుగా మధ్యలో కూర్చోవాలి, రెగ్యులేటర్ గొట్టం మెలిక పడకుండా భుజం మీదుగా రావాలి.

సంచి ఎంత పెద్దది కావాలో దిగే రోజును బట్టి నిర్ణయించండి. ఎక్కేటప్పుడు సామాను విడతలుగా వెళ్తుంది, దిగేటప్పుడు రెండు మూడు క్యాంపులది ఒక్కసారిగా మీ వీపు మీదికి వస్తుంది. స్లీపింగ్ బ్యాగు, రెండు పరుపులు, డౌన్ సూట్, చెత్త, మలం సంచులు. డెనాలీ మీద దీనికోసం మూత గట్టిగా బిగిసే డబ్బాలు ఇస్తారు, ఎవరెస్ట్ నేపాల్ వైపు 2024 నుంచి మలం సంచులు తప్పనిసరి చేశారు. కాబట్టి బయట కట్టుకోవడానికి రెండు అదనపు పట్టీలు, గట్టి ఖాళీ సంచి ఒకటి సంచి అడుగున మడిచి ఉంచండి. అలసిపోయిన శరీరం మీద బరువు ఊగకుండా పట్టీలు బిగుతుగా లాగి, బయల్దేరే ముందు సంచి తగిలించుకుని టెంటు చుట్టూ పది అడుగులు నడిచి చూసుకోండి.